అక్క డీటీపీ కంప్యూటర్‌కు విండోస్ 11: ప్రాజెక్టు డైరీ

ఉన్నవేమిటి, చేయాల్సిందేమిటి

ఈ కంప్యూటర్ మా అక్కది. 2018లో సికింద్రాబాద్‌లో విడిభాగాలు కొని అమర్చినది. ఇంటెల్ కోర్ ఐ5-8400 ప్రాసెసర్, 300 సిరీస్ చిప్‌సెట్ మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్‌డిస్క్. అంతకుముందు ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోంచి తీసి, రెండు మానిటర్ల కోసం ఇందులో పెట్టిన 2011 నాటి గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది. అక్క శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ కవితా సంపుటాలు ఇంట్లోనే దీని మీద తయారు చేస్తుంది. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, ఒక పాత లేజర్ ప్రింటర్, ఒక టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే గుచ్చి ఉంచాల్సిన యూఎస్‌బీ లాక్. ఇదీ ఆమె పనిముట్ల సరంజామా.

విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14 వరకే. ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో రోజూ గుచ్చుకునే కంప్యూటర్ ఇది. ఫొటోలు, మ్యాటర్ వాట్సాప్‌లో వచ్చి పడుతుంటాయి. అలాంటి యంత్రాన్ని అప్‌డేట్‌లు లేకుండా నడపడం నాకు ఇష్టం లేదు. కార్తీకంలో ముహూర్తాలు మొదలైతే అక్కకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అందుకే దసరా సెలవుల్లో పని మొదలుపెట్టాను.

మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ ఈ కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాదంది. రహస్య సంకేతాలను దాచే టీపీఎం 2.0 కనబడలేదు, నమ్మదగిన సంతకం లేని ప్రోగ్రామ్‌తో కంప్యూటర్ మొదలవ్వకుండా ఆపే సెక్యూర్ బూట్ లేదు. ఈ రెండు ఎర్ర గుర్తులు చూసి, తెలిసినవారు ఒకరు బోర్డు, ప్రాసెసర్ మార్చాల్సిందేనని అక్కకు చెప్పారు. నేను మాత్రం అదే తెర మీద ప్రాసెసర్ పక్కనున్న పచ్చ గుర్తును చూశాను. ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచి మైక్రోసాఫ్ట్ అంగీకరిస్తుంది. ఐ5-8400 ఎనిమిదో తరానిదే. అంటే సెట్టింగులతో సరిచేయలేని భాగం సరిగ్గానే ఉంది. మిగిలిన రెండూ ఈ బోర్డులో ఉండి తీరాలి, ఎవరూ ఆన్ చేసి ఉండరు. ఏడేళ్లుగా తిండి పెడుతున్న యంత్రాన్ని ఒక్క హెచ్చరిక చూసి చెత్తలో వేయడానికి నా మనసు ఒప్పలేదు.

షరతుల తనిఖీని దాటవేసి బలవంతంగా ఎక్కించే చిట్కాలు చాలా ప్రచారంలో ఉన్నాయి. ఆ దారి వద్దనుకున్నాను. అర్హత ఉన్న యంత్రాన్ని దొడ్డిదారిన పంపడం ఎందుకు? ఏడో తరం లేదా అంతకు ముందు ప్రాసెసర్ ఉన్నవారికి కూడా ఆ చిట్కాలు చెప్పను. 2026 అక్టోబరు 13 దాకా పొడిగించిన భద్రతా అప్‌డేట్‌ల పథకంలో నమోదై, ఆ ఏడాదిలో నిదానంగా నిర్ణయించుకోమంటాను.

విండోస్‌ను మొదటి నుంచీ కొత్తగా ఎక్కించడం కాక, ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయాలని నిర్ణయించుకున్నాను. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని సీడీ, ఫాంట్ల సీడీ, వాటి సీరియల్ నంబర్లు వెతికి అన్నీ మళ్లీ అమర్చడం కంటే ఉన్నవాటిని కదిలించకపోవడమే క్షేమం.

బ్యాకప్ తీస్తుంటే బయటపడిన కేబుల్

"తమ్ముడూ, కంప్యూటర్‌ను ఏమైనా చేసుకో, నా ఫైళ్లకు మాత్రం ఏమీ కాకూడదు" అంది అక్క. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు అన్నింటినీ బయటి డిస్కులోకి కాపీ చేయడం మొదలుపెట్టాను. ఎస్ఎస్‌డీలోంచి చకచకా వచ్చాయి. 1 టీబీ డిస్కు దగ్గర కాపీ నత్తనడక నడిచింది. కాసేపు పరుగెత్తడం, ఉన్నట్టుండి సున్నాకు పడిపోవడం, మళ్లీ లేవడం.

డిస్కు పోతోందేమోనన్న భయం సహజం. కానీ భయపడే ముందు డిస్కునే అడగవచ్చు. ప్రతి డిస్కూ తన ఆరోగ్యాన్ని స్మార్ట్ అనే పట్టికలో రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ దాన్ని చూపిస్తుంది. అందులో నేను చూసేవి నాలుగు వరుసలు. 05 అంటే పాడైపోయి, వేరే చోటికి మార్చిన సెక్టార్లు, అంటే డిస్కులో డేటా ఉండే చిన్న గడులు. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నవి. సీ6 అంటే ఇక సరిచేయలేనివి. ఈ మూడింట్లో ఏది పెరుగుతున్నా డేటా తీసేసుకుని డిస్కుకు సెలవు చెప్పాలి. ఇక్కడ మూడూ సున్నా. నాలుగోది సీ7 మాత్రం బాగా పెరిగి ఉంది, కాపీ జరుగుతుండగా ఇంకా పెరుగుతోంది. డిస్కుకూ బోర్డుకూ మధ్య ప్రయాణంలో డేటా చెడి, మళ్లీ పంపాల్సివచ్చిన సందర్భాల లెక్క అది. అంటే డిస్కు కంటే ముందు కేబుల్‌ను అనుమానించాలి.

మూత తీసి చూస్తే సాటా కేబుల్ హార్డ్‌డిస్క్ వెనక బాగా మడతపడి, పక్క పలకకు ఒత్తుకుని ఉంది. ప్యారడైజ్ వైపు వెళ్లినప్పుడు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో క్లిప్ ఉన్న కొత్త కేబుల్ తెచ్చి వేశాను. తర్వాత కాపీ నిలకడగా సాగింది, సీ7 ఉన్నచోటే ఆగిపోయింది. ఆ అంకె తగ్గదు, జీవితాంతం అలాగే ఉంటుంది. పెరగకపోతే చాలు. డిస్కు మంచిదే కదా అని ఈ తేడా పట్టించుకోకుండా అప్‌గ్రేడ్‌కు వెళ్లి ఉంటే, మధ్యలో వచ్చే ప్రతి అవాంతరానికీ విండోస్‌నే నిందించేవాళ్లం.

నిన్న ఉన్న టీపీఎం ఈ ఉదయం లేదు

టీపీఎం అంటే తాళపు చెవుల్లాంటి రహస్య సంకేతాలను మిగతా కంప్యూటర్‌కు అందకుండా దాచే భాగం. దానికి విడిగా చిప్ కొనాల్సిన పనిలేదు. ఈ తరం ఇంటెల్ బోర్డుల్లో అది చిప్‌సెట్‌లోనే పీటీటీ అనే పేరుతో ఉంటుంది. ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అంటారు. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్ బయోస్. దానిలోకి వెళ్లి పీటీటీని ఆన్ చేశాను. విండోస్ తెరుచుకున్నాక టీపీఎం నిర్వహణ తెరలో 2.0 అని కనబడింది.

మర్నాడు ఉదయం చూస్తే లేదు. గడియారం కూడా 2018 జనవరి 1 చూపిస్తోంది. వెబ్‌సైట్లు ఒక్కటీ తెరుచుకోవడం లేదు, భద్రతా ధ్రువపత్రాలు చెల్లవని బ్రౌజర్ మొరాయిస్తోంది. తేదీ, టీపీఎం రెండూ ఒకేసారి పోయాయంటే మూలం ఒకటే అయి ఉండాలి. అక్క రోజూ పడుకునే ముందు గోడ మీది స్విచ్ ఆపేస్తుంది. మంచి అలవాటే. అప్పుడు బయోస్ సెట్టింగులను, గడియారాన్ని బతికించాల్సింది మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032. కొత్తదైతే 3 వోల్టులకు కాస్త పైనే చూపిస్తుంది. మల్టీమీటర్ పెడితే ఇది 2.4 దగ్గర ఉంది. కరెంటు తీసినప్పుడల్లా బయోస్ తన తొలి సెట్టింగులకు వెళ్లిపోతోంది. ఈ బోర్డు తొలి సెట్టింగుల్లో పీటీటీ ఆఫ్.

ఇన్నాళ్లూ ఇది ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. నెట్ దొరకగానే విండోస్ గడియారాన్ని తనే సరిదిద్దుకునేది. బ్యాటరీ గడియారాల కొట్లో దొరుకుతుంది. మార్చాను, తేదీ పెట్టాను, పీటీటీ మళ్లీ ఆన్ చేశాను. గంటసేపు ప్లగ్ పీకేసి, తిరిగి పెట్టి చూశాను. అన్నీ నిలిచాయి.

ఇదే పని చేయబోయేవారికి ఒక మాట. మీ డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేనిదే చదవలేని రూపంలోకి మారి) ఉంటే బయోస్‌ను తాకే ముందు రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. టీపీఎం సెట్టింగ్ మారితే విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేకపోతే డేటా తెరుచుకోదు. అక్క కంప్యూటర్‌లో ఎన్‌క్రిప్షన్ లేదని ముందే నిర్ధారించుకున్నాను.

సి, డి, ఇ డ్రైవ్‌ల చిక్కు

సెక్యూర్ బూట్ కావాలంటే కంప్యూటర్ యూఈఎఫ్ఐ పద్ధతిలో, అంటే పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతిలో మొదలవ్వాలి. విండోస్ అలా మొదలవ్వాలంటే ఎస్ఎస్‌డీ జీపీటీ పద్ధతిలో విభజించి ఉండాలి. మనదేమో పాత ఎంబీఆర్. డేటా చెరపకుండా మార్చడానికి విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే పరికరం ఉంది. దానికి ముందుగా పరీక్షించి చూసే ఆదేశం ఇవ్వవచ్చు, అది దేన్నీ మార్చదు. పరీక్షించమంటే డిస్కు అమరిక తనకు సరిపోదని తిరస్కరించింది.

కారణం మన దగ్గర కంప్యూటర్లు అమర్చే అలవాటులోనే ఉంది. ఒకే డిస్కును సి, డి, ఇ అని ముక్కలు చేసి ఇస్తారు. ఎంబీఆర్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి పట్టవు. విండోస్ తన కోసం ఒకటి దాచుకుంటుంది, సి, డి మరో రెండు. ఇక నాలుగోది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అవుతుంది, దాని లోపల ఇ కూర్చుంటుంది. ఎంబీఆర్2జీపీటీకి మూడు ప్రైమరీలకు మించి ఉండకూడదు, ఎక్స్‌టెండెడ్ అసలే ఉండకూడదు. 2018లో ఇలా చేసినవారిని తప్పుపట్టలేం. ఈ షరతు అప్పటికి ఎవరికీ అవసరపడలేదు.

ఇ డ్రైవ్‌లో అక్క పాత పనులన్నీ ఉన్నాయి. వాటిని మరోసారి వేరే చోటికి కాపీ చేసి, ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిపోల్చి, కొన్నింటిని తెరిచి చూసి, అప్పుడు ఇ డ్రైవ్‌ను తొలగించాను. తొలగించాక కూడా ఎక్స్‌టెండెడ్ డొల్ల మిగిలే ఉంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని మరోసారి విడిగా తొలగించాలి. ఆ తర్వాత పరీక్ష నెగ్గింది. మార్పిడి ఆదేశం ఇచ్చాను. సి డ్రైవ్‌లోంచి కొద్దిగా స్థలం తీసుకుని బూటింగ్ కోసం చిన్న పార్టిషన్ చేసుకుంది. ఎక్కువసేపు పట్టలేదు.

ఖాళీ అయిన స్థలంలో మళ్లీ ఇ అనే అక్షరంతోనే కొత్త డ్రైవ్ చేసి ఫైళ్లు వెనక్కి పోశాను. అక్షరం మారకూడదు. పేజ్‌మేకర్ తన ఫైళ్లలో పెట్టిన బొమ్మలను వాటి చిరునామాతో గుర్తుపెట్టుకుంటుంది. ఇ కాస్తా జి అయితే వినాయకుడి బొమ్మ ఎక్కడుందో చెప్పమని ప్రతి శుభలేఖా అడుగుతుంది.

నల్లటి తెర

మార్పిడి అయ్యాక పాత పద్ధతిలో విండోస్ మొదలవ్వదు కాబట్టి వెంటనే బయోస్‌లో సీఎస్ఎం ఆఫ్ చేయాలి. పాత తరహా బూటింగ్‌ను అనుకరించే ఏర్పాటు అది. ఆఫ్ చేసి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేశాను. ఫ్యాన్లు తిరిగాయి. బీప్‌లు వినిపించాయి. రెండు మానిటర్లూ నల్లగా ఉండిపోయాయి, కంపెనీ గుర్తు కూడా రాలేదు.

చాలామంది ఈ చోటే భయపడి బోర్డు పోయిందనుకుంటారు. అలా ఆశ వదులుకున్న కంప్యూటర్లను నేను చూశాను. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

విండోస్ రాకముందు తెర మీద బొమ్మ గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డు మీదే ఉండే చిన్న ప్రోగ్రామ్. పాత బయోస్ కాలపు కార్డుల్లో అది ఒక పద్ధతిలో ఉంటుంది, యూఈఎఫ్ఐకి మరో పద్ధతి కావాలి. దాన్ని జీఓపీ అంటారు. 2011 నాటి ఈ కార్డులో జీఓపీ లేదు. సీఎస్ఎం ఉన్నంతకాలం అది మధ్యవర్తిగా ఉండి ఈ కార్డు మాట బోర్డుకు చేరవేసేది. సీఎస్ఎం పోగానే ఆ కార్డుతో బోర్డు మాట్లాడలేకపోయింది. కార్డు చెడలేదు, బోర్డూ చెడలేదు. కొన్ని బోర్డులు ఇలాంటప్పుడు తమంతట తామే సీఎస్ఎంను మళ్లీ ఆన్ చేసుకుంటాయి. అప్పుడు ఎన్నిసార్లు ఆఫ్ చేసినా సెట్టింగ్ ఎందుకు నిలవడం లేదో అర్థం కాక జుట్టు పీక్కుంటాం. దానికీ మూలం ఇదే.

పరిష్కారం సులభం. ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టి మిగిలిన విద్యుత్తు పోనిచ్చి, స్లాట్ చివరి గొళ్లెం వదులు చేసి కార్డు బయటికి తీశాను. మానిటర్ తీగను బోర్డు మీదే ఉన్న హెచ్‌డీఎంఐకి కలిపాను. ఐ5-8400లోనే యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ ఉంది. తెర వెలిగింది, విండోస్ 10 యూఈఎఫ్ఐ పద్ధతిలో మొదలైంది. రెండో మానిటర్‌ను బోర్డు మీది వీజీఏకు కలిపితే అదీ పనిచేసింది. అసలు ఈ కంప్యూటర్‌కు ఆ కార్డు అవసరమే లేదు. తీసేశాక ఫ్యాన్ రొద కూడా తగ్గిందని అక్క సంతోషించింది.

సెక్యూర్ బూట్ దగ్గర చిన్న ఆటంకం. బయోస్‌లో ఆన్ చేసినా విండోస్ ఆఫ్ అనే చెబుతోంది. బయోస్ పేజీలో కింద సెటప్ మోడ్ అని ఉంది, అంటే సంతకాలు సరిచూసే కీలు బోర్డులో ఎక్కించి లేవు. ఫ్యాక్టరీ కీలను ఎక్కించే ఎంపిక నొక్కగానే అది యూజర్ మోడ్ అయింది. పీసీ హెల్త్ చెక్‌లో ఇక అన్నీ పచ్చ గుర్తులే. కొత్త బోర్డు కొనలేదు. ఖర్చు ఒక కేబుల్, ఒక బ్యాటరీ.

అప్‌గ్రేడ్ వెనక్కి మళ్లింది

మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ 11 సెటప్ అంతా ఒకే ఫైలుగా ఉండే ఐఎస్ఓ దింపి, విండోస్ 10లోంచే సెటప్ నడిపాను. ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచమన్నాను. కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్ ఉంది. సగానికి పైగా వెళ్లాక రీస్టార్ట్ అయింది, కాసేపు కదలకుండా నిలబడింది, తర్వాత మార్పులను వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పి విండోస్ 10కే తిరిగి వచ్చింది. సీ1900101 అనే ఎర్రర్, దాని తోక 30018.

సీ1900101 అంటే అప్‌గ్రేడ్‌ను వెనక్కి తిప్పేశారనే సాధారణ కబురు, దానికి కారణం చాలాసార్లు ఏదో ఒక డ్రైవర్, అంటే ఒక పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్. 30018 అనే తోక, సెటప్ మాట్లాడించబోతే ఒక డ్రైవర్ బదులివ్వలేదని చెబుతుంది. ఏ డ్రైవర్? దానికి ఊహలు అక్కరలేదు. సెటప్ తన ప్రతి అడుగూ లాగ్ ఫైళ్లలో రాస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి సెటప్‌డయాగ్ అనే ఉచిత పరికరం వాటిని చదివి సారాంశం ఇస్తుంది. అది చూపిన పేరు యూఎస్‌బీ లాక్ డ్రైవర్‌ది.

బయటి పరికరాలన్నీ తీసేసి ప్రయత్నించమని అందరూ ఇచ్చే సలహా మంచిదే, కానీ సగం సలహా. లాక్‌ను పీకేస్తే పోయేది లాక్ మాత్రమే. దాని డ్రైవర్ కంప్యూటర్ మొదలైనప్పుడల్లా లాక్ ఉన్నా లేకపోయినా లేస్తూనే ఉంటుంది. ముందుగా లాక్ తయారీదారుల సైట్‌లో విండోస్ 11కి పనికొచ్చే కొత్త డ్రైవర్ ఉందో లేదో చూశాను. ఉంది. అది దింపి పక్కన పెట్టి, పాతదాన్ని వారి పద్ధతిలోనే తొలగించాను. తర్వాత పీఎన్‌పీయుటిల్ ఆదేశంతో విండోస్ దాచుకున్న డ్రైవర్ల జాబితా తీసి, పాతది ఎక్కడా మిగల్లేదని సరిచూశాను. కొత్త డ్రైవర్ లేకపోయి ఉంటే అప్‌గ్రేడ్ ఆపేసేవాడిని. అక్క పని నడవని విండోస్ 11 ఎవరికి కావాలి?

ప్రింటర్, బయటి డిస్కు, లాక్ తీసేసి, కీబోర్డు, మౌస్, మానిటర్ మాత్రమే ఉంచి మళ్లీ సెటప్ నడిపాను. ఈసారి ఆగకుండా వెళ్లింది. విండోస్ 11 తెర మీద అక్క ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

కొత్త విండోస్‌లో సర్దుబాట్లు

మొదట కొత్త లాక్ డ్రైవర్ వేసి, ఆ తర్వాతే లాక్ గుచ్చాను. టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పేజ్‌మేకర్‌లో అక్క ఒక పాత శుభలేఖ తెరిచి ఒత్తులు, వట్రసుడులు, అంచు బొమ్మలు అన్నీ కళ్లు చికిలించుకుని చూసింది. సరిగ్గా ఉన్నాయంది.

ప్రింటర్ మాత్రం మౌనంగా ఉండిపోయింది. జాబితాలో ఒకే ప్రింటర్ రెండు పేర్లతో ఉంది, ఒకదాని పక్కన కాపీ 1 అని. తీగను వేరే యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చితే విండోస్ దాన్ని కొత్త ప్రింటర్‌గా భావించి కొత్త పోర్టు ఇస్తుంది. పేజ్‌మేకర్ పాత పోర్టుకే పంపుతోంది. పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని డిఫాల్ట్ చేస్తే ముద్రణ మొదలైంది.

విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆఫ్‌లో ఉంది. చెడ్డ డ్రైవర్లు విండోస్ గర్భంలోకి చొరబడకుండా ఆపేది అది. దానికి అడ్డుపడుతున్నది పాత టీవీ ట్యూనర్ డ్రైవర్. ట్యూనర్ ఇంట్లోంచి ఎప్పుడో వెళ్లిపోయింది, డ్రైవర్ ఇక్కడే ఉండిపోయింది. పీఎన్‌పీయుటిల్‌తో తీసేశాక రక్షణ ఆన్ అయింది. యంత్రం మందగించినట్టు అనిపించలేదు. ఏడో తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ రక్షణకు తోడ్పడే ఏర్పాటు ఉండటం దీనికి కలిసొచ్చింది.

ఏదైనా తేడా వస్తే విండోస్ 10కి తిరిగి వెళ్లడానికి మామూలుగా 10 రోజుల గడువు ఉంటుంది. డిజమ్ ఆదేశంతో దాన్ని 60 రోజులకు పొడిగించాను. కార్తీకంలో పని జోరు మొదలయ్యాకే అసలు పరీక్ష, అప్పటిదాకా ఆ తలుపు తెరిచి ఉండాలి. పాత విండోస్ ఫోల్డర్ సి డ్రైవ్‌లో చాలా చోటు తింటుంది, దాన్ని ఇప్పుడే చెరపవద్దని అక్కకు చెప్పాను.

ఇంకా చేయాల్సినవి

ర్యామ్ ఒకటే కడ్డీ, 8 జీబీ. విండోస్ 11, బ్రౌజర్, పేజ్‌మేకర్, ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్ కలిసి తెరిస్తే నిండిపోతోంది. అదే రకం డీడీఆర్4 కడ్డీ మరొకటి తెచ్చి, రెండూ పెట్టాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడిపించాలి.

సెక్యూర్ బూట్ వాడే 2011 నాటి మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రాల గడువు 2026 జూన్ నుంచి తీరడం మొదలవుతుంది. వాటి స్థానంలో 2023 నాటివి విండోస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి. ఈ బోర్డు వాటిని తీసుకుందో లేదో సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తాను. అవసరమైతే అప్పుడు బయోస్ అప్‌డేట్ చేస్తాను, యూపీఎస్ బ్యాటరీ సరిగ్గా ఉందని చూసుకున్నాకే.

తీసేసిన గ్రాఫిక్స్ కార్డును పక్కింటి అబ్బాయి అడిగాడు. అతని కంప్యూటర్ ఇంకా పాత బయోస్ పద్ధతిలోనే నడుస్తుంది కాబట్టి అక్కడ అది పనిచేస్తుంది. ఇచ్చేశాను.